గోళ్లక్క మోసిన నీళ్లు

గోళ్లక్కకి మొహాలు గుర్తుండవు. సొంత మేనమామ కొడుకు బజార్లో ఎదురుపడి పలకరిస్తే, ఎవరబ్బా ఈ మనిషి అని ఇంటికి వచ్చేదాకా బుర్ర గోక్కుంది ఒకసారి. కాళ్లు చూపిస్తే మాత్రం తడుముకోదు. ఈయన చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుంటుంది, ఆవిడ మడమ ఒకవైపే అరుగుతుంది, ఫలానా ఆయన బొటనవేలి గోరు లోపలికి పెరుగుతుంది, వేళకి కత్తిరించకపోతే నడవనివ్వదు అని మనసులోనే గడగడా అప్పజెప్పుకుంటుంది. వృద్ధాశ్రమంలో ఆవిడ ఉద్యోగం ఆయా అయినా చేసే పనంతా పాదాలతోనే. ముసలివాళ్లు వంగలేరు. వాళ్ల గోళ్లు ముదిరి కొమ్ముల్లా తయారవుతాయి. గోరువెచ్చని నీళ్లలో కాసింత ఉప్పేసి, పాదాలు నానబెట్టి, గోళ్లు మెత్తబడ్డాక కత్తిరించి, మడమలు రాయితో రుద్ది, చివరికి వేళ్ల సందుల్లో చుక్క తడి లేకుండా తుడవాలి. నీళ్ల వేడి చేతివేళ్లతో చూడదు. మోచెయ్యి ముంచి చూస్తుంది. అరచేతులు కాయకష్టానికి మొద్దుబారిపోయాయట, అవి అబద్ధం చెబుతాయట.

మాటలకి ఆవిడ దగ్గర కరువు లేదు. వీధిలో ఎవరింట్లో ఏ గొడవ జరిగినా సాయంత్రానికి గోళ్లక్క నోట వినొచ్చు, అదీ నాలుగు పోగులు కలిపి. అంతటి మనిషీ కాళ్ల విషయానికి వచ్చేసరికి నోటికి తాళం వేసేస్తుంది. ఎవరి పాదానికి ఏ పుండుందో, ఎవరి గోరు ఏ రంగుకి తిరిగిందో ఆవిడ కడుపులోంచి బయటికి రాదు.

"మొహం ఎవరైనా చూపిస్తారు. కాళ్లు దాచుకుంటారు. మనల్ని నమ్మి బయటపెట్టినవాటి గురించి పదిమందిలో మాట్లాడతామా?" అంటుంది. ఈ ఒక్క గుణం వల్లే ఆవిడ మిగతా వాగుడంతా క్షమించేయొచ్చు.

ఆవిడ వెళ్లే మందిరంలో ఈస్టరుకి ముందు గురువారం సాయంత్రం పాదాలు కడిగే ఆరాధన జరుగుతుంది. ప్రభువు తన శిష్యుల కాళ్లు కడిగి, మీరూ ఒకరికొకరు ఇలాగే చెయ్యండని చెప్పిన రాత్రికి గుర్తు అది. ప్రభు భోజనపు బల్ల ముందు, జనానికీ బల్లకీ మధ్యనున్న అడ్డకమ్మీకి లోపలివైపు, పన్నెండు కుర్చీలు వేస్తారు. ఆ కుర్చీలు పన్నెండు కుటుంబాలవి. తండ్రి పోయాక కొడుకు కూర్చుంటాడు, కొడుకు లేకపోతే అల్లుడు. ఆడవాళ్లు కూర్చోరు. ఎందుకు కూర్చోరని ఎవరూ అడగలేదు, కాబట్టి ఎవరూ జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు. ప్రభువులో ఎక్కువా తక్కువా లేదు, అందరం ఒక్కటే అని పాస్టరుగారు ప్రసంగించినప్పుడల్లా ఆ పన్నెండుమందే అందరికంటే గట్టిగా ఆమెన్ అంటారు.

ఆ నీళ్లు వేడిచేసేది గోళ్లక్క. వెనక వంటగదిలో కాచి, మోచేత్తో చూసి, కూజాలో పోసి, భుజాన తువ్వాళ్లు వేసుకుని అడ్డకమ్మీ దాకా మోసుకొస్తుంది. అక్కడ ఆగుతుంది. లోపల్నించి ఒక పెద్దమనిషి చెయ్యి చాచి అందుకుంటాడు. శనివారాలు చీపురు పట్టుకుని అదే కమ్మీ దాటి బల్ల కింద దాకా దూరి ఊడ్చినా ఎవరికీ అభ్యంతరం లేదు. గురువారం నాడు కూజాతో మాత్రం దాటకూడదు. ఆరాధన అయ్యాక బేసిను ఆవిడకే తిరిగొస్తుంది, పెరట్లో పారబొయ్యడానికి. ఆ నీళ్లు కూజాలో పోసినప్పుడు ఎంత తేటగా ఉన్నాయో అంత తేటగానూ ఉంటాయి. ఆ పన్నెండుమందీ మధ్యాహ్నం నుంచే ఇంట్లో సబ్బుపెట్టి తోముకుని, గోళ్లు తీసుకుని, కొత్త మేజోళ్లు తొడుక్కుని వస్తారు మరి. మురికి కాళ్లు పాస్టరుగారి చేతికిస్తే మర్యాదేనా?

అన్నిటికంటే వింత ఖాళీ కుర్చీ సంగతి. ఎవరైనా జబ్బుపడో, ఊళ్లో లేకో రాకపోతే ఆ కుర్చీలో మరొకర్ని కూర్చోబెట్టరు. పాస్టరుగారు దాని ముందు కూడా మోకరించి, ముందున్న రెండు కొయ్య కాళ్ల మీద నీళ్లు పోసి, తువ్వాలుతో తుడుస్తారు. ఇది ఎలా మొదలైందో సంఘంలో అందరికీ తెలుసు. ఇప్పటి సంఘ పెద్ద గడియారాలు బాగుచేసే ఆయన. అందరూ గడియారాలాయన అనే పిలుస్తారు. వాళ్ల నాన్నే ఆ కుర్చీలు చేయించాడు. ఆ నాన్న సరిగ్గా ఆ వారంలోనే సోమవారం నాడు పోయాడు. గురువారం నాటికి ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. అప్పటి పాస్టరు ఆయనకి ప్రాణస్నేహితుడు. ఖాళీ కుర్చీని దాటి వెళ్లలేక, దాని ముందు కూలబడి, ఏడుస్తూ కొయ్యకాళ్లు కడిగాడు. మందిరమంతా ఏడ్చింది. మరుసటేడు ఇంకెవరో రాకపోతే మళ్లీ కడిగారు, ఈసారి ఎవరూ ఏడవలేదు. అలా అది ఆచారమై కూర్చుంది.

ఈ ఏడు ఒక కుర్చీ ఖాళీ అవుతుందని ముందే తెలిసింది. కిరాణా కొట్టాయన నిచ్చెన మీంచి పడ్డాడు. మోకాలి నుంచి వేళ్ల దాకా సిమెంటు కట్టు వేశారు. ఆ కబురు వృద్ధాశ్రమానికి మోసుకెళ్లింది గోళ్లక్కే. విన్నది పంతులమ్మ.

పంతులమ్మ అంటే ఆ సంఘంలో సగంమందికి సండే స్కూల్లో బైబిలు చెప్పిన మనిషి. పెళ్లి చేసుకోలేదు, పిల్లల్లేరు, కిటికీ పక్క మంచం మీద ఉంటుంది. గుండె బలహీనపడి కాళ్లు పొంగుతాయి. చెవులు కూడా అంతంతమాత్రం. బుర్ర మాత్రం చురకత్తి.

గోళ్లక్క ఆవిడ మడమలు రుద్దుతుంటే, "ఏమే, ఆ కుర్చీలో ఈసారి నేను కూర్చుంటాను" అంది.

గోళ్లక్క రాయి ఆపింది. "ఏ కుర్చీ అమ్మగారూ?"

"ఎన్ని కుర్చీలున్నాయేమిటి? కిరాణా కొట్టువాడిది. ఆ కథ నేను ఎంతమంది పిల్లలకి చెప్పానో. ప్రభువు ఎలా వంగాడో, తువ్వాలు ఎలా కట్టుకున్నాడో నటించి మరీ చూపించేదాన్ని. ఆ పిల్లలే పెద్దవాళ్లయి కుర్చీలెక్కారు. నేను మాత్రం వెనక బెంచీలోంచి మెడ సాచి చూడ్డమే. డాక్టరు మొహం చూస్తే తెలుస్తోంది, వచ్చే ఏడు గురువారం నా లెక్కలో లేదు. ఒక్కసారి కూర్చోవాలని ఉంది."

ఆవిడ ఏదైనా అడగడం గోళ్లక్క ఎప్పుడూ వినలేదు. పప్పులో ఉప్పు తక్కువైనా ఊరుకునే మనిషి. అందుకే ఆలోచించకుండా, "కూర్చుందురుగాని అమ్మగారూ, నేను కూర్చోబెడతాను" అనేసింది. అన్నాక గానీ ఆ కుర్చీలు ఎవరివో గుర్తు రాలేదు.

మర్నాడే పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చిన్నవాడు, మంచివాడు, వచ్చి రెండేళ్లే అయింది. "నాకైతే ఏ అభ్యంతరమూ లేదక్కా. వాక్యంలో ఎక్కడా లేదు ఆడవాళ్లు కూర్చోకూడదని. కానీ పెద్దలు..." అని చేతులు నలుపుకున్నాడు. పెద్దలంటే గడియారాలాయనే. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర ఆయన్ని పట్టుకుని అడిగింది.

"పంతులమ్మగారంటే నాకు గౌరవం లేదనుకుంటున్నావా అమ్మాయ్? నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే" అన్నాడాయన. "కానీ ఆ కుర్చీలకి ఒక పద్ధతుంది. నాన్న నుంచీ వస్తున్న పద్ధతి. ఖాళీ అయితే కుర్చీకే కడుగుతాం. ఈ రోజు పంతులమ్మగారిని కూర్చోబెడితే, రేపు ఇంకొకరు వస్తారు, ఆపై ఇంకొకరు. ఇక ఆగుతుందా?"

"ఆగకపోతే ఏమవుతుందండీ?"

ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. దిగేటప్పుడు కుడికాలు ముందు పెట్టి, ఎడమకాలిని దాని పక్కకి నెమ్మదిగా చేర్చుకోవడం గోళ్లక్క కళ్లబడింది. కోపంలో కూడా ఆవిడ కళ్లు కాళ్ల మీదే ఉంటాయి, ఏం చేస్తాం.

నాలుగు రోజుల తర్వాత మధ్యాహ్నం, ముసలివాళ్లంతా కునుకు తీసే వేళ, వృద్ధాశ్రమం పెరటి తలుపు దగ్గర గడియారాలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో గొడుగు. వాన లేదు.

"ఒకసారి చూస్తావేమోనని" అన్నాడు, గోడకేసి చూస్తూ.

స్టూలు మీద కూర్చోబెట్టి మేజోడు తీసింది. చిటికెన వేలి కింద పుండు. షుగరు మనిషి, నొప్పి తెలియక నిర్లక్ష్యం చేశాడు. చెప్పు ఒరుసుకుని మొదలైందట, నెల దాటిందట, ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదట. గోళ్లక్క ముందు తిట్టింది. ఎదురుగా ఉన్నది సంఘ పెద్ద అని చూడకుండా తిట్టింది. తర్వాత నీళ్లు కాచి, చల్లార్చి, మోచేత్తో చూసి, నెమ్మదిగా శుభ్రం చేసి, గాజుగుడ్డ వేసి కట్టు కట్టింది. "నేను చేసేది పైపై పని. రేపే డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే మీ ఇంటికి వచ్చి అమ్మగారితో చెప్పేస్తాను" అని బెదిరించింది. కాళ్ల సంగతి బయటపెడతానని ఆవిడ ఎవరినైనా బెదిరించడం అదే మొదలు. పనిచేసింది. డాక్టరు మందులిచ్చాడు, రోజూ కట్టు మార్చమన్నాడు. మార్పించుకోవడానికి ఆయన రోజూ పెరటి తలుపు దగ్గరికే వచ్చేవాడు, గొడుగుతో సహా.

గోళ్లక్క ఇంట్లో ఆవిడ ఆడపడుచుకి అనుమానం వచ్చింది. ఆవిడ బట్టలు కుట్టే మనిషి, సూది కంటే చూపు పదును. గడియారాలాయన కుంటుతున్నాడని, వదిన దగ్గర మందు వాసన వస్తోందని రెండూ కలిపి కుట్టేసింది.

"పిచ్చి వదినా, దేవుడే దారి చూపిస్తే కళ్లు మూసుకుంటావేంటి? పంతులమ్మగారికి కుర్చీ ఇస్తారా, లేక మీ కాలి సంగతి సంఘంలో చెప్పమంటారా అని ఒక్క మాట అను. పిల్లిలా దారికొస్తాడు."

"ఎవరి కాలి సంగతి? నాకేం తెలీదు" అంది గోళ్లక్క, గిన్నెలు అవసరానికి మించి చప్పుడు చేస్తూ. కానీ ఆ రాత్రి అన్నం సయించలేదు. మాటిచ్చేసింది కదా. రోజురోజుకీ పంతులమ్మ పాదాలు ఇంకాస్త పొంగుతున్నాయి. వేలు పెట్టి నొక్కితే పడ్డ గుంట చాలాసేపు పూడటం లేదు.

గురువారం ఇంకా రెండు రోజులుందనగా గడియారాలాయనే కదిపాడు. కట్టు ముడి వేస్తుంటే, "నువ్వు మళ్లీ అడుగుతావనుకున్నాను" అన్నాడు.

"ఒకసారి అడిగాను కదండీ. మీరు కాదన్నారు."

"ఇప్పుడు అడిగితే కాదనలేనని నీకు తెలీదా?"

"అందుకే అడగలేదు" అంది గోళ్లక్క. "అది మందిరం సంగతి. ఇది కాలు. వేళ్లు ఒకసారి కదిలించండి, కట్టు బిగుసుకుందేమో చూస్తాను."

ఆయన వేళ్లు కదిలించాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

గురువారం వచ్చింది. కూర్చోబెట్టలేకపోయినా కనీసం ముందు వరసలోంచి చూపిద్దామనుకుని, చక్రాల కుర్చీలో పంతులమ్మని తీసుకుని బయల్దేరింది గోళ్లక్క. వృద్ధాశ్రమం వ్యాను మొరాయించింది. మందిరం వీధిలో పైపుల కోసం తవ్వి పోసిన మట్టి, దాని మీద పొద్దుటి వాన. చక్రాలు దిగబడినచోటల్లా తోసీ ఎత్తీ, సగం దారిలో చెప్పు తెగి, దాన్ని అక్కడే వదిలేసి, వట్టికాళ్లతో మందిరం చేరింది. కాళ్లు కడుక్కుందామంటే నీళ్లు కాచే వేళ దాటిపోతోంది. చీర కుచ్చిళ్లు కిందికి లాగి మట్టి కనబడకుండా కప్పుకుని వంటగదిలోకి పరిగెత్తింది.

"ఇదేనా ముందు వరస? ఇక్కణ్ణించీ చూడ్డమేనా?" అంది పంతులమ్మ, నీళ్లు కాగుతుండగా గోళ్లక్క వచ్చి చక్రాల కుర్చీని కమ్మీ పక్కకి తోసి ఆపినప్పుడు. కోపంగా అనలేదు. గోళ్లక్కకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

"క్షమించండి అమ్మగారూ."

"సర్లే. కొంగుతో కళ్లొత్తుకోకు, నీళ్లు తీసుకురా."

ఆరాధన మొదలైంది. పాస్టరుగారు నడుముకి తువ్వాలు కట్టుకుని ఒక్కొక్కరి ముందు మోకరించారు. సబ్బు వాసన వేసే తెల్లటి పాదాల మీద నీళ్లు పోశారు, తుడిచారు. పదిమంది అయ్యారు. పదకొండోది ఖాళీ కుర్చీ. దాని ముందు మోకరించి కొయ్యకాళ్ల మీద నీళ్లు పోస్తున్నారు. మందిరం నిశ్శబ్దంగా ఉంది. చెవులు సరిగా వినబడనివాళ్లకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా.

"ఎవరి కాళ్లే అవి? ఇక్కడికి కనబడ్డం లేదు" అంది పంతులమ్మ.

గోళ్లక్క వంగి చెవిలో చెప్పింది. "కుర్చీవి అమ్మగారూ."

"కుర్చీ ఏ మట్టిలో తిరిగొచ్చిందని?"

వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అది వరస వెంట వరస పాకింది. పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆయన పన్నెండో కుర్చీ ముందుకి జరిగారు. అది గడియారాలాయనది, వాళ్ల నాన్న కూర్చున్న కుర్చీ.

గడియారాలాయన నవ్వలేదు. పక్కన నీళ్లు కారుతున్న కొయ్యకాళ్లకేసి చూశాడు. తర్వాత వంగి రెండు మేజోళ్లూ తీశాడు. ఎడమ పాదానికి కట్టు చూసి పాస్టరుగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"ఇది తడపకూడదయ్యగారూ" అన్నాడాయన. లేచి నిలబడ్డాడు. "ఈ కాలు ఇన్ని రోజులుగా ఒకళ్లు కడుగుతూనే ఉన్నారు. ఇంట్లోవాళ్లకి కూడా చూపించుకోలేని కాలు. ఆ మనిషి అదుగో, కూజా అందించి కమ్మీ అవతల నిలబడింది. ఇవతలికి రానివ్వనిది నేనే."

ఆయన కుంటుకుంటూ వచ్చి కమ్మీ తలుపు తెరిచాడు. చక్రాల కుర్చీ పిడి ఒకవైపు తను పట్టుకున్నాడు, రెండోవైపు గోళ్లక్క. "ఇది మా నాన్న కుర్చీ అమ్మగారూ. ఇందులో కూర్చోండి" అన్నాడు. ఇద్దరూ కలిసి ఆవిడని లేపి కూర్చోబెట్టారు. పాస్టరుగారు బేసిను జరుపుకోబోతే పంతులమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మీరు ఇందాకట్నించీ అలిసిపోయారు, కాసేపు నిలబడండి. ఒరేయ్ అబ్బాయ్, నేను నేర్పిన పాఠం గుర్తుందా? కానియ్."

సంఘ పెద్దని ఒరేయ్ అనగల మనిషి ఆ భవనంలో ఆవిడ ఒక్కతే. ఆయన కీళ్లు టకటకమంటుండగా మోకరించి, పొంగిన ఆ పాదాల మీద నీళ్లు పోశాడు. సన్నసన్న పళ్లచక్రాలు పట్టే చేతులే అయినా ఈ పని చేతకాలేదు. నీళ్లు సగం నేల మీదే పోయాయి. తువ్వాలు అలా పైపైన అద్ది తీసెయ్యబోయాడు. గోళ్లక్క ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. "వేళ్ల సందుల్లో తుడవండి! తడి ఉండిపోతే పాచిపోతుంది!" అని అరిచింది.

ఈసారి మందిరమంతా హాయిగా నవ్వింది. పంతులమ్మ నవ్వుతూనే, చెంపల మీదికి జారినవి తుడుచుకోకుండా, "ఇప్పుడు దీన్ని కూర్చోబెట్టండి" అంది, గోళ్లక్క కొంగు పట్టుకుని. "ఆ కొయ్యకుర్చీలోనే. ఎలాగూ తడిసింది."

గోళ్లక్క కొంగు విడిపించుకోబోయింది. "అయ్యో, నేనా? వద్దమ్మగారూ. నేను కాళ్లు కడుక్కుని రాలేదు!"

"అందుకేగా కడిగేది?" అంది పంతులమ్మ.

ఎలా కూర్చుందో ఆవిడకే తెలియదు. కుచ్చిళ్లు పైకి జరిపితే చీలమండల దాకా ఎండిన మట్టి, పగిలిన మడమల్లో నల్లటి గీతలు. ఊరందరి పాదాలూ ఒళ్లో పెట్టుకున్న మనిషికి తన పాదాలు ఇంకొకరి చేతుల్లో పెట్టడం చేతకాలేదు. వంగి తనే రుద్దుకోబోయింది. పంతులమ్మ ఆ చెయ్యి మీద ఒక్కటి వేసింది, సండే స్కూలు పిల్లలకి వేసినట్టు. పాస్టరుగారు ఒక పాదం పట్టుకున్నారు, గడియారాలాయన రెండోది. నీళ్లు ఎప్పుడో చల్లారిపోయాయి. ఎవరూ మోచెయ్యి పెట్టి చూడలేదు. చల్లటి నీళ్లు మడమ పగుళ్లలోకి దిగుతుంటే గోళ్లక్క వెక్కివెక్కి ఏడ్చింది, సిగ్గుతో కొంత, ఇంకెందుకో ఆవిడ చెప్పలేదు.

పంతులమ్మకి మరుసటేడు గురువారం దక్కలేదు. ఆవిడ అన్నంత పనీ చేసింది. ఆ ఏటి నుంచి మాత్రం మందిరంలో కొయ్యకాళ్లు కడగడం మానేశారు. కుర్చీ ఖాళీ అయితే దగ్గర్లో ఎవరుంటే వాళ్లు కూర్చుంటున్నారు. గడియారాలాయన భయపడ్డట్టే ఒకరి తర్వాత ఒకరు, ఇప్పటిదాకా ఆగలేదు.

ఆ రోజు ఆరాధన అయ్యాక బేసిను ఎత్తుకుని పెరట్లోకి వెళ్లింది గోళ్లక్క, అలవాటుగా. వంచబోయి ఆగింది. నీళ్లు బురద రంగులో ఉన్నాయి. అంచు చుట్టూ వీధి మట్టి ఇసుకలా పేరుకుంది. ఇన్నేళ్లుగా ఆ బేసిను మోస్తోంది, దాని అడుగు కనబడకపోవడం ఆవిడ చూడటం అదే మొదటిసారి.